పాఠకుల ప్రశ్నలు: పాస్‌వర్డ్ మేనేజర్‌ని నమ్మొచ్చా?

ఒడిశా వైపున ఉన్న మన పాఠకులు, ముఖ్యంగా రాయగడ, జయపురం, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వాళ్ళు ఈమధ్య రాసిన ఉత్తరాల్లో ఎక్కువ పాస్‌వర్డుల గురించే ఉన్నాయి. పాస్‌వర్డులన్నింటినీ ఒకేచోట ఉంచే యాప్‌లో, అంటే పాస్‌వర్డ్ మేనేజర్‌లో దాచుకోవచ్చా, దాచుకుంటే సేఫేనా అన్నదే అందరి సందేహం. పేర్లు తీసేసి కొన్నింటికి జవాబిస్తున్నాను.

*ప్రశ్న (రాయగడ): నమస్తే సార్. బస్టాండు దగ్గర నాది చిన్న ఆన్‌లైన్ షాపు. జెరాక్సు, పాస్‌పోర్ట్ ఫొటోలు, సామ్స్ అనే ఒడిశా ప్రభుత్వ సైటులో ప్లస్ టూ, ప్లస్ త్రీ (ఇంటర్, డిగ్రీ) అడ్మిషన్ ఫారాలు, కుల, ఆదాయ సర్టిఫికెట్లు, అన్నీ చేస్తాను. నా పాస్‌వర్డులూ, కస్టమర్లవి కొన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుంటాను. మా మేనల్లుడు విశాఖలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వాడేమో పాస్‌వర్డ్ మేనేజర్ పెట్టుకో మామయ్యా అంటున్నాడు. ఉన్న తాళంచెవులన్నీ ఒకే గుత్తికి గుచ్చి, ఆ గుత్తిని ముక్కూమొహం తెలియని కంపెనీ చేతిలో పెట్టడమా? ఆ కంపెనీనే ఎవడైనా దోచుకుంటే?*

పెట్టుకోండి. మీ మేనల్లుడు మంచి మాటే చెప్పాడు. అయితే మీ భయం ఊరికే పుట్టింది కాదు, కంపెనీని దోచుకోవడం నిజంగానే జరిగింది, కాబట్టి ముందు దాని సంగతే చూద్దాం.

2022లో లాస్ట్‌పాస్ అనే పెద్ద పాస్‌వర్డ్ మేనేజర్ కంపెనీలోకి దొంగలు దూరారు. ఆగస్టులో సాఫ్ట్‌వేర్ కోడ్ మాత్రమే పోయిందన్నారు, డిసెంబరు వచ్చేసరికి కస్టమర్ల పాస్‌వర్డులుండే పెట్టెల బ్యాకప్ కాపీలు కూడా పోయాయని ఒప్పుకున్నారు. ఆ కంపెనీ ఇంజనీరు ఒకాయన ఇంటి కంప్యూటర్‌లో అప్‌డేట్ చేయకుండా వదిలేసిన సినిమాలు చూసే సాఫ్ట్‌వేర్ ఒకటుంది, దాని సందులోంచే దొంగలు లోపలికొచ్చారు. ఇంత జరిగినా వాళ్ళకి దొరికిన పాస్‌వర్డులు ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే తాళం లేనిదే చదవలేని గజిబిజిగా మార్చి ఉన్నవి. వాటిని విప్పాలంటే ఒక్కొక్క కస్టమర్ మాస్టర్ పాస్‌వర్డ్, అంటే మేనేజర్‌ని తెరిచే ఆ ఒక్క పాస్‌వర్డ్ కావాలి, అది కంపెనీ దగ్గర అసలు ఉండదు. మీరు మాస్టర్ పాస్‌వర్డ్ కొట్టగానే దాన్నుంచి తాళం తయారయ్యేది మీ ఫోన్లోనే, కంపెనీకి వెళ్ళేది తాళం వేసిన పెట్టె మాత్రమే. మర్చిపోతే వాళ్ళు కూడా తెరిచి ఇవ్వలేరు, చాలామందికి ఇది లోపంలా కనిపిస్తుంది గానీ మీ భయానికి సరైన సమాధానం అదే.

కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. పెట్టె కాపీ దొంగ ఇంట్లో ఉన్నప్పుడు, మూడుసార్లు తప్పు కొడితే లాక్ అయ్యే అడ్డేమీ అక్కడ ఉండదు, కోట్ల మాటలు ఒకదాని తర్వాత ఒకటి తీరిగ్గా వేసి చూసుకుంటాడు. ఒక్కొక్క మాట వేసి చూడటం వాడికి ఆలస్యం కావాలని మంచి కంపెనీలు ఆ తాళం తయారుచేసే లెక్కను లక్షలసార్లు తిప్పుతాయి, ఇప్పుడు చాలాచోట్ల 6 లక్షలసార్లు. లాస్ట్‌పాస్ తన పాత కస్టమర్లలో కొందరికి 5,000 దగ్గరే వదిలేసింది, పైగా మనకి ఏయే సైట్లలో ఖాతాలున్నాయో ఆ చిరునామాల్ని ఎన్‌క్రిప్ట్ చేయకుండా ఉంచింది. ఆ రెండూ క్షమించరాని నిర్లక్ష్యాలని నా అభిప్రాయం. బలహీనమైన మాస్టర్ పాస్‌వర్డ్ పెట్టుకున్నవాళ్ళ పెట్టెల్ని దొంగలు ఈపాటికి తెరిచేసి ఉండొచ్చు, తర్వాతి ఏళ్ళలో జరిగిన కొన్ని పెద్ద క్రిప్టో దొంగతనాల్ని అమెరికా దర్యాప్తు అధికారులు దీనితోనే ముడిపెట్టారు. గట్టిది పెట్టుకున్నవాళ్ళ పెట్టె దొంగ దగ్గరున్నా వాడికి పనికిరాదు. అంటే కంపెనీ మంచిదై ఉండాలి, దాంతోపాటు ఆ ఒక్క పాస్‌వర్డ్ విషయంలో మీరు గట్టిగా ఉండాలి.

ఇప్పుడు రెండోవైపు చూడండి. మేనేజర్ లేని మనిషి ఒకే పాస్‌వర్డ్‌ని పదిచోట్ల వాడతాడు, ఇంకో దారి లేదు కాబట్టి. షాపుల్లో ఫారం నింపేటప్పుడు అలవాటుగా పెట్టేది ఏమిటో మీకు నాకంటే బాగా తెలుసు: కుర్రాడి పేరు, మొదటి అక్షరం పెద్దది, ఎట్ గుర్తు, 123. పెద్దక్షరం, చిన్నక్షరం, అంకె, గుర్తు అని సైటు అడిగినవన్నీ అందులో ఉన్నాయి, అందుకే దేశమంతా అదే పెడతారు, దొంగ కూడా మొదట అదే వేసి చూస్తాడు. 2009లో రాక్‌యూ అనే అమెరికా కంపెనీ నుంచి 3.2 కోట్ల పాస్‌వర్డులు బయటపడితే వాటిలో అందరికంటే ఎక్కువమంది పెట్టుకున్నది 123456. ఎక్కడో బట్టలమ్మే సైటు నుంచి మీ మెయిలూ పాస్‌వర్డూ లీకైతే చాలు, వాటినే జీమెయిల్‌లో, ఫేస్‌బుక్‌లో, బ్యాంకులో వరసగా కొట్టి చూసే ప్రోగ్రాములు పగలూ రాత్రీ తిరుగుతూ ఉంటాయి. మన వాళ్ళ ఖాతాలు పోయేది ఎక్కువగా ఇలాగే, ఎన్‌క్రిప్ట్ చేసిన పెట్టెలు పగలగొట్టడం వల్ల కాదు. మేనేజర్ ఉంటే ప్రతి సైటుకీ వేరువేరుగా 20 అక్షరాల అడ్డదిడ్డమైన పాస్‌వర్డ్ తనే తయారుచేసి గుర్తుపెట్టుకుంటుంది, ఒకచోట లీకైనా మిగతావి చెక్కుచెదరవు.

ఇక కస్టమర్ల పాస్‌వర్డుల గురించి నిక్కచ్చిగా ఒక మాట. అవి నోటుబుక్కులోనూ వద్దు, మేనేజర్‌లోనూ వద్దు, అవి మీవి కావు. ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు మర్చిపోతారని, మళ్ళీ ఓటీపీ కోసం తిరగాల్సొస్తుందని జాలితోనే రాసిపెడతారని తెలుసు. కానీ ఆ పుస్తకం ఒకరోజు ఎవరి చేతికైనా చిక్కితే, ఒక పిల్ల అడ్మిషన్ ఆప్షన్లు ఎవరైనా మార్చేస్తే, పోలీసులు మొదట అడిగేది మిమ్మల్ని. పాస్‌వర్డ్ వాళ్ళ చేతే పెట్టించండి, చిన్న చీటీ మీద రాసి అడ్మిషన్ కాగితాలతో పాటు వాళ్ళకే ఇచ్చేయండి. షాపు కంప్యూటర్‌లో క్రోమ్ మీ జీమెయిల్‌తో తెరిచి ఉంటుంది కదా, అక్కడ పొరపాటున "సేవ్" నొక్కితే ఊరందరి పాస్‌వర్డులూ మీ గూగుల్ ఖాతాలోకి వచ్చి కూర్చుంటాయి. కస్టమర్ పని క్రోమ్ గెస్ట్ విండోలో చేయండి, మూసేస్తే పాస్‌వర్డులూ లాగిన్లూ ఏవీ మిగలవు.

ఇంకొకటి, ఇది చాలామంది షాపువాళ్ళు పట్టించుకోరు. పాస్‌పోర్ట్ ఫొటోల కోసం వేసుకున్న ఫొటోషాప్ కొన్నదా, లేక డబ్బు కట్టకుండా వేసుకున్న దొంగ కాపీనా, అంటే క్రాక్‌దా? విండోస్ యాక్టివేట్ చేసింది ఎలా? పాస్‌వర్డులు దొంగిలించే వైరస్‌లు ఎక్కువగా వచ్చేది ఈ క్రాకుల్లోనే. అవి బ్రౌజర్‌లో సేవ్ చేసినవన్నీ నిమిషాల్లో ఊడ్చుకుపోతాయి, లాగిన్ అయి ఉన్న ఖాతాల్ని పాస్‌వర్డ్ లేకుండానే ఎత్తుకుపోతాయి. అలాంటి కంప్యూటర్‌లో తెరిచిన ఏ మేనేజరైనా దొంగ కళ్ళ ముందు తెరిచినట్టే. మీ సొంత మేనేజర్‌ని మీ ఫోన్లోనే ఉంచుకోండి, షాపు సిస్టంలో వద్దు. ఫొటోలకి డబ్బు పెట్టనక్కర్లేని గింప్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, వారం రోజుల్లో చెయ్యి అలవాటవుతుంది.

*ప్రశ్న (జయపురం): నేను కొన్నాళ్ళుగా మేనేజర్ వాడుతున్నాను. ఈమధ్య మా బ్యాంకు సైటు తెరిస్తే పాస్‌వర్డ్ దానంతటదే నింపడం మానేసింది. యాప్ పాడైందా? కాపీ చేసి పేస్ట్ చేసేస్తే సరిపోతుందా?*

ఆగండి, పేస్ట్ చేయకండి. మేనేజర్ నింపలేదంటే చాలాసార్లు అది మీకు చేస్తున్న మేలు. అది పేజీ రంగూ బ్యాంకు బొమ్మా చూడదు, పైన ఉన్న చిరునామా అక్షరం అక్షరం సరిపోతేనే నింపుతుంది. ఒక అక్షరం తేడాతో కట్టిన దొంగ సైటు మన కళ్ళని మోసం చేస్తుంది గానీ దాన్ని చేయలేదు. నా మటుకు నేను ఈ ఒక్క కారణానికే మేనేజర్ వాడమంటాను.

మీ విషయంలో ఇంకో కారణం ఉండొచ్చు. బ్యాంకులన్నీ తమ సైట్ల చిరునామాని "డాట్ బ్యాంక్ డాట్ ఇన్" కి మార్చుకోవాలని రిజర్వ్ బ్యాంకు 2025 ఏప్రిల్‌లో ఆదేశించింది, గడువు అదే ఏడాది అక్టోబర్ 31. ఆ ముగింపు బ్యాంకులకి తప్ప ఎవరికీ ఇవ్వరు, ఇచ్చేది మన హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ అనే సంస్థ. మీ మేనేజర్‌లో పాత చిరునామా ఉంటే కొత్తది దానికి తెలియదు, అందుకే ఊరుకుంది. చిరునామాలో మొదట ఉండే https:// ని వదిలేస్తే, ఆ తర్వాత మొదటి ఏటవాలు గీత (/) వచ్చేలోపు చివరి మాటలు సరిగ్గా "బ్యాంక్ డాట్ ఇన్" అయి ఉండాలి, వాటి తర్వాత ఇంకేదైనా పేరూ డాట్ కామ్ లాంటిదీ తగిలించి ఉంటే అది దొంగదే. ఈ మార్పు జరిగాక "మీ బ్యాంకు కొత్త లింకు ఇదే" అని మెసేజిలు పంపేవాళ్ళు బయల్దేరడం సహజం, కాబట్టి లింకు నొక్కి వెళ్ళకండి, చిరునామా మీరే టైపు చేసి వెళ్ళండి. సరైనదని తేలాక మేనేజర్‌లో ఆ ఖాతా తెరిచి కొత్త చిరునామా చేర్చండి, మళ్ళీ మామూలుగా నింపుతుంది.

కొన్ని బ్యాంకులు పాస్‌వర్డ్ పేస్ట్ చేయనివ్వవు, అదేదో భద్రత అనుకుంటాయి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే పేస్ట్ చేయనివ్వండి, లీకైందన్న ఆధారం లేకుండా ఊరికే పాస్‌వర్డ్ మార్పించకండి అని రాసింది. మన బ్యాంకులు కూడా ఆ దారికొస్తే జనానికి ఎంతో మేలు.

*ప్రశ్న (పర్లాకిమిడి): బాబూ, నేను రిటైర్డ్ టీచర్ని. పెన్షన్, బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డులు డైరీలో రాసి బీరువాలో పెడతాను. మా మనవరాలు ఇది పాతకాలం పద్ధతని దెబ్బలాడుతోంది. మానేయాలా?*

మానక్కర్లేదు మాస్టారూ. మీ బీరువాలో డైరీని ఎక్కడో కూర్చున్న దొంగ ఫోన్లోంచి తెరవలేడు. నాలుగైదు ఖాతాలు మాత్రమే ఉండి, బయటివాళ్ళు తిరగని ఇంట్లో ఉన్నవాళ్ళకి అది చక్కటి పద్ధతి. కాకపోతే అన్నింటికీ ఒకటే పాస్‌వర్డ్ ఉండకూడదు. ఏటీఎం పిన్, యూపీఐ పిన్ అందులో అసలు రాయకూడదు, అవి తలలోనే ఉండాలి. ఆ పేజీకి ఫొటో తీసి ఫోన్లో పెట్టుకోవద్దు, అది మీకు తెలియకుండా గూగుల్ ఫొటోస్‌లోకి ఎక్కుతుంది, గ్యాలరీ చూడటానికి పర్మిషన్ ఇచ్చిన యాప్‌లన్నింటికీ కనబడుతుంది. డైరీకి ఉన్న అసలు లోపం ఏమిటంటే జయపురం పాఠకుడికి చెప్పానే, ఆ దొంగ సైటుని పసిగట్టే తెలివి కాగితానికి ఉండదు. మీ మనవరాలు పక్కన కూర్చుని నెట్ బ్యాంకింగ్ చేయిస్తుంటే ఆ కాపలా ఆవిడకే అప్పజెప్పండి.

*ప్రశ్న (గుణుపురం): అన్ని పాస్‌వర్డులూ మా ఆయన ఫోన్లో, ఆయన గూగుల్‌లోనే ఉంటాయి. ఆయన కంపెనీ పని మీద ఎప్పుడూ బయటి ఊళ్ళే. నాకేమీ తెలియదు. రేపు ఆయనకి ఏమైనా అయితే నా పరిస్థితేంటని అడగడానికి కూడా నోరు రావడం లేదు. పైగా ఇంట్లో ఉన్న ఇంకో ఫోన్‌లోనూ ఆయన ఖాతానే ఉంది, దాని లాక్ పిల్లలిద్దరికీ తెలుసు.*

అమ్మా, మీరు అడిగింది ఈ ఉత్తరాలన్నింటిలోకీ ముఖ్యమైన ప్రశ్న. నోరు తెరిచి అడగాల్సిన విషయమే ఇది. ఈ పేజీ ఆయనకి చూపించండి, అక్కణ్ణుంచి మాట మొదలవుతుంది.

ముందు పిల్లల సంగతి. గూగుల్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డులు ఫోన్ లాక్‌తోనే తెరుచుకుంటాయి. నాలుగంకెల లాక్ తెలిసిన పిల్లాడు ఆటకి డబ్బు కట్టడం నుంచి బ్యాంకు పాస్‌వర్డ్ చూడటం దాకా అన్నీ చేయగలడు, వాడికి చెడు ఉద్దేశం ఉండక్కర్లేదు. ఇంట్లో తిరిగే ఫోన్ నుంచి ఆయన ఖాతా తీసేసి పిల్లలకి వేరే ఖాతా పెట్టండి.

రెండోది మీ సంగతి. గూగుల్ ఖాతా సెట్టింగుల్లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అని ఒకటుంది. ఖాతా వాడకం 3 నెలల నుంచి 18 నెలల దాకా, ఎంత కాలం ఆగిపోతే ఎవరికి కబురు పెట్టాలో, ఏమేం చూపించాలో ఆయన ఇప్పుడే రాసిపెట్టొచ్చు, పదిమంది దాకా పేర్లివ్వొచ్చు. ఐఫోన్‌లో లెగసీ కాంటాక్ట్ అని ఉంటుంది. ఇవి పెట్టండి, కానీ మూడు నెలలు ఆగే అవసరాలు కావు మీవి. అందుకని ఆయన గూగుల్ పాస్‌వర్డూ, ఫోన్ లాకూ, ఫోన్ పోయినప్పుడు పనికొచ్చే బ్యాకప్ కోడ్లూ కాగితం మీద రాసి, కవర్లో పెట్టి అంటించి, ఇంటి దస్తావేజులున్న చోట పెట్టించుకోండి. పాస్‌వర్డ్ మార్చినప్పుడల్లా కాగితం కూడా మార్చాలి, దీన్ని అందరూ మర్చిపోతారు.

ఒక జాగ్రత్త. మనిషి లేనప్పుడు ఆయన పాస్‌వర్డ్‌తో బ్యాంకులోకి వెళ్ళి డబ్బు మార్చుకోవడం సరైన దారి కాదు, వారసుల మధ్య గొడవొస్తే అదే మీ మెడకి చుట్టుకుంటుంది. దానికి నామినీ ఉండాలి. ఏ ఖాతాకి, ఏ పాలసీకి నామినీగా మీ పేరుందో ఈసారి ఆయన ఇంటికొచ్చినప్పుడు ఇద్దరూ కూర్చుని చూసుకోండి.

*ప్రశ్న (బరంపురం): అన్నా, ఏ యాప్ వాడాలి? డబ్బు కట్టాలా? మాస్టర్ పాస్‌వర్డ్ ఎలాంటిది పెట్టుకోవాలి? నాది ఒక నంబరు ఒడిశాది, ఇంకోటి మా అమ్మమ్మగారి ఊరు ఇచ్ఛాపురంలో తీసుకున్న పాత ఆంధ్రా నంబరు. ఓటీపీలు కొన్ని దీనికి, కొన్ని దానికి.*

డబ్బు కట్టక్కర్లేదు తమ్ముడూ. బిట్‌వార్డెన్ ఉచితంగానే దొరుకుతుంది, ఎన్ని పాస్‌వర్డులైనా, ఎన్ని ఫోన్లలోనైనా వాడుకోవచ్చు, దాని కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది. ఇంటర్నెట్లో పెట్టడమే ఇష్టం లేదంటే కీపాస్ ఉంది, 2003 నుంచి ఉన్నది, పెట్టె మొత్తం మన దగ్గరే ఒక ఫైలుగా ఉంటుంది, బ్యాకప్ బాధ్యత మాత్రం పూర్తిగా మనదే. ఫోన్ పోతే ఫైలు పోతుంది, అందుకని కొత్తవాళ్ళకి నేను దాన్ని మొదటే చెప్పను. వన్‌పాస్‌వర్డ్‌కి డబ్బు కట్టాలి, అందులో మాస్టర్ పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్లో తయారయ్యే 34 అక్షరాల సీక్రెట్ కీ కూడా కలిస్తేనే పెట్టె తెరుచుకుంటుంది, లాస్ట్‌పాస్‌కి జరిగినట్టు కాపీ పోయినా దొంగకి చాలా కష్టం. ఇవేవీ వద్దు, గూగుల్‌దే చాలు అంటావా, ఏమీ లేకపోవడం కంటే అది వందరెట్లు నయం, కానీ అప్పుడు నీ జీమెయిల్ పోతే అన్నీ పోయినట్టే, దానికి రెండంచెల లాగిన్, అంటే పాస్‌వర్డ్ తర్వాత ఇంకో కోడ్ కూడా అడిగేది తప్పకుండా పెట్టు. ఆ పాస్‌వర్డ్ మేనేజర్‌లోనే చెకప్ అని ఉంటుంది, నొక్కితే లీకైనవేవో, పదిచోట్ల వాడినవేవో చూపిస్తుంది. అక్కణ్ణుంచి మొదలుపెట్టు, ముందు మెయిల్, తర్వాత బ్యాంకు, మిగతావి వీలైనప్పుడు.

మాస్టర్ పాస్‌వర్డ్‌కి సంబంధం లేని అయిదు మాటలు తీసుకో. సినిమా డైలాగు, సామెత, పాట పల్లవి పనికిరావు, దొంగల జాబితాల్లోకి అవి ఎప్పుడో ఎక్కాయి. తలలోంచి కూడా తీయొద్దు, ఎవరి తలలోంచైనా అవే నాలుగు మాటలొస్తాయి. ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ వాళ్ళు 2016లో ఇంగ్లిష్‌లో 7,776 మాటల జాబితా తయారుచేశారు, పాచికలు వేసి ఏది పడితే అది తీసుకోవడమే. అందులోంచి అయిదు మాటలు తీస్తే వచ్చే రకాలు 28 పక్కన 18 సున్నాలు పెట్టినన్ని. తెలుగు మాటలే కావాలంటే లావుపాటి నిఘంటువు కళ్ళు మూసుకుని తెరిచి వేలు పెట్టిన మాట తీసుకో. గొడుగు, మిరప, పాలపిట్ట, తట్ట, రైలు అని వచ్చాయనుకో, వాటిని ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తావు కదా, అక్కడే చిక్కు. పాలపిట్టలో పా దగ్గర ఎ ఒకటా రెండా? టీలు రెండా మూడా? రెండు నెలల తర్వాత చెయ్యి తడబడి పెట్టె తెరుచుకోక టెన్షన్ పడేవాళ్ళున్నారు. ఏ స్పెల్లింగు పెట్టావో అదే స్పెల్లింగుతో కాగితం మీద రాసి ఇంట్లో దాచు, నెల రోజుల పాటు రోజూ ఒకసారి చేత్తో కొట్టు.

నీ రెండో నంబరు సంగతి అందరికంటే ముందు చూసుకో. సరిహద్దు ఊళ్ళలో ఇలా రెండేసి సిమ్ములున్నవాళ్ళు ఎక్కువ, ఆంధ్రా నంబరు ఆధార్‌కో బ్యాంకుకో ఎక్కించి ఉంటుంది, వాడకం లేక రీఛార్జి మానేస్తారు. కొన్ని నెలలకి కంపెనీ ఆ నంబరు తీసేసి ఇంకొకరికి ఇచ్చేస్తుంది. నీ పాస్‌వర్డ్ ఎంత గట్టిదైనా, "పాస్‌వర్డ్ మర్చిపోయాను" నొక్కితే ఓటీపీ వెళ్ళేది ఆ కొత్త మనిషికి. ఏ ఖాతా ఏ నంబరు మీద ఉందో ఈ ఆదివారం కూర్చుని చూడు, వాడకంలో ఉన్న ఒకే నంబరుకి అన్నీ మార్చు. ఆధార్‌లో నంబరు మార్చడానికి ఆధార్ సెంటర్‌కి వెళ్ళొచ్చు, బ్యాంకుకి బ్రాంచిలో ఫారం ఇవ్వొచ్చు. మేనేజర్‌కి రెండో అంచెగా ఎస్ఎంఎస్ కాకుండా, ఫోన్లోనే కోడ్లు తయారుచేసే ఆథెంటికేటర్ యాప్ పెట్టు, మేనేజర్ ఇచ్చే రికవరీ కోడ్‌ని కూడా ఆ కాగితం మీదే రాయి.

ఇప్పటికే ఏ ఖాతాలోనైనా డబ్బు పోయి ఉంటే, పాస్‌వర్డులు మార్చడం తర్వాత, ముందు 1930కి ఫోన్ చెయ్యి. ఒడిశా నంబరైనా ఆంధ్రా నంబరైనా అదే హెల్ప్‌లైన్, ఎంత త్వరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.